పోటు ఎక్కి, పైరగాలి పట్టి

సంక్రాంతి వెళ్ళిన మూడు నాలుగు వారాలకు గోదావరి డెల్టాలో గాలి మారుతుంది. పుష్యమాసమంతా ఈశాన్యం నుంచి వీచిన చలిగాలి బలం తగ్గుతుంది. మాఘంలో కొన్నాళ్ళు ఎటూ తేల్చుకోకుండా ఊగిసలాడుతుంది. ఫాల్గుణానికల్లా దక్షిణం నుంచి నిలకడగా వీయడం మొదలుపెడుతుంది. అదే పైరగాలి. సముద్రం కూడా ఆ దారే పడుతుంది: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. వరదల ఎర్రనీరు ఎప్పుడో వెళ్ళిపోయింది. తుపాన్ల నెలలు గడిచాయి. వడగాలులు రావడానికి ఇంకా టైముంది. తెరచాప ఎత్తాలన్నా, తెడ్డు పట్టాలన్నా, కొత్తవాళ్ళు పడవ మీద కూర్చుని నీళ్ళను అర్థం చేసుకోవాలన్నా మన తీరంలో ఇంతకన్నా మంచి కాలం మరొకటి లేదు.

పడవ నడపడం అనగానే చాలామందికి భుజబలం గుర్తొస్తుంది. గోదావరి పాయల మీద పుట్టి పెరిగిన పడవవాళ్ళను కాసేపు గమనిస్తే తెలుస్తుంది, వాళ్ళు కష్టపడేది చాలా తక్కువ. వాళ్ళు వేళ చూస్తారు. ఏ తిథి, పోటు ఎప్పుడు, గాలి ఎప్పుడు తిరుగుతుంది, ఈ రెండూ ఎక్కడ ఒక దారిన కలుస్తాయి అన్న లెక్క వాళ్ళ తలలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఈ లెక్కే మన తీరపు పడవ విద్యకు ప్రాణం. తెరచాపకూ అదే, తాటిదోనెకూ అదే, ఇవాళ కుర్రవాళ్ళు సరదాపడుతున్న కయాక్‌కూ అదే. ఇంజన్లు వచ్చాక ఈ లెక్క అవసరం తగ్గింది. అవసరం తగ్గినకొద్దీ అది తెలిసినవాళ్ళు తగ్గుతున్నారు. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1852లో పూర్తి చేసిన ఆనకట్టకు దిగువన గోదావరి రెండు రకాల నీళ్ళుగా విడిపోయింది. ఒకటి కాలువల నీరు. తియ్యటిది, లాకుల మధ్య మట్టం తప్పకుండా నిలిచేది, వాలు ఒక్క వైపే ఉండేది. రెండోది పాయల నీరు. గౌతమి, వశిష్ఠ, వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ. వేసవి ముఖాన ఆనకట్ట దాటి దిగువకు వచ్చే నీరు చాలా తక్కువ కాబట్టి, ఈ పాయల్లో నదికన్నా సముద్రం మాటే ఎక్కువ చెల్లుతుంది. ఉప్పునీరు యానాం దాటి పైకి ఎక్కుతుంది. రోజుకు రెండుసార్లు ఏరు వెనక్కి పారుతుంది.

ఈ ఏరు ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందన్నది మన పెద్దల లెక్క. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగి దగ్గర, తుల్యభాగ సముద్రంలో కలిసేచోట మునిగి, అక్కడినుంచి ఒక్కొక్క సంగమంలో స్నానం చేస్తూ అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర ఈనాటికీ ఉంది. ఆ యాత్ర మొదలయ్యేది అమావాస్యనాడు, అంటే పోటు బాగా ఎక్కే రోజుల్లో. సాగేది గాలి మారే కాలంలో. దీన్ని పెట్టినవాళ్ళు పడవ లెక్క చూసే పెట్టారని నేను రుజువు చేయలేను. కానీ రోడ్లు లేని రోజుల్లో ఈ దీవుల మధ్య యాత్ర చేయాలంటే ఇంతకన్నా అనువైన పక్షం దొరకదు.

ఇప్పుడు పోటు సంగతి. చంద్రుడు తిరిగి అదే చోటికి రావడానికి రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతాడు కనుక పోటు కూడా రోజుకు యాభై నిమిషాలు వెనకపడుతుంది. పాత లెక్కలో చెప్పాలంటే తిథికి రెండు గడియలు. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, రెండు గడియలు నలభై ఎనిమిది నిమిషాలు. ఆ తేడా పడవకు లెక్కలోది కాదు. ఒక ఊరి రేవులో అమావాస్యనాడు పోటు ఎన్నింటికి నిండుతుందో ఒక్కసారి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా పక్షమంతా పంచాంగమే చెబుతుంది. నిండు పోటు నుంచి నిండు పోటుకు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. కాకినాడ తీరంలో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు మీటరుకు పైగా లేచి దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ కదలిక బాగా చిన్నబోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అష్టమి చుట్టూ ఉన్న రోజులు ఎంచుకోవడం మంచిది. దూరం పోదలచినవాళ్ళు పున్నమి దగ్గరి రోజులు చూసుకుంటారు, వాలు తోడొస్తుంది కాబట్టి.

పోటు ఎక్కేటప్పుడు గంటగంటకూ ఒకే వేగంతో ఎక్కదు. ఉయ్యాల ఊగినట్టు కొసల దగ్గర నెమ్మది, నడుమ దూకుడు. ఆరు గంటల ఎక్కుడులో మధ్య రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. మొదటి గంటలోనూ చివరి గంటలోనూ వచ్చేది చాలా స్వల్పం. ఈ ఒక్క విషయం తెలియక ఇబ్బందిపడేవాళ్ళు చాలామంది. పాటు, అంటే నీరు దిగడం, మొదలై గంట గడిచినా నీరు పెద్దగా తగ్గలేదని ధీమాగా మడ చెట్ల మధ్య సన్న పాయలోకి దూరతారు. మరో గంటన్నరకల్లా పడవ బురద మీద కూర్చుంటుంది. ఆ బురదలో దిగి తోయడం మాటలు కాదు. ఒండ్రు మోకాలు దాటి దిగుతుంది, చెట్ల వేళ్ళకు కరుచుకున్న ఆలుచిప్పల అంచులు కాలిని కోసేస్తాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవడమే.

నీరు ఎటూ పారకుండా కాసేపు నిలబడే సమయం ఒకటుంటుంది, పోటు తుదనా పాటు తుదనా. ఏటి మొగ దాటాలన్నా, వెడల్పాటి పాయను అడ్డంగా కొట్టాలన్నా ఆ నిలకడ కోసమే కాచుకుంటారు. ఇంకో మెలిక ఉంది. ఒడ్డున నీటిమట్టం దిగడం మొదలైనా పాయ నడుమ ప్రవాహం కాసేపు పాత దారినే పోతూ ఉండొచ్చు. అంచున ఒక వాలు, నడుమ ఒక వాలు. పడవవాళ్ళు ఈ సందును వాడుకుంటారు. ఎదురు పోవాలంటే ఒడ్డును ఒరుసుకుంటూ పోతారు, దిగువకు పోవాలంటే నడిపాయలో పడతారు. వంపుల దగ్గర బయటి ఒడ్డున నీరు లోతు, వడి ఎక్కువ. లోపలి ఒడ్డున మేట వేసి ఉంటుంది. నీటి పైన రంగు చూసి, చిన్న అలల తీరు చూసి మేట ఎక్కడుందో చెప్పేయడం వాళ్ళకు అలవాటు. నున్నగా జారే నీటికింద లోతుంటుంది, గరుకుగా మెరిసే నీటికింద ఇసుకుంటుంది.

ఇక గాలి. వసంతంలో గాలికి రోజులో రెండు ముఖాలు. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది కాబట్టి పల్చటి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల కాగిన తరువాత, పదకొండు ప్రాంతాన సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. మధ్యాహ్నానికి పైరగాలితో కలిసి గట్టిపడుతుంది. సాయంత్రం దాకా తగ్గదు. వశిష్ఠ దక్షిణానికి పారుతుంది, గౌతమి ఆగ్నేయానికి. రెండింటిలోనూ పైకి వెళ్ళే పడవకు ఆ మధ్యాహ్నపు గాలి వీపు మీద తగులుతుంది. కాబట్టి మంచి రోజంటే ఇది: తెల్లవారేసరికి నిండు పోటు ఉండాలి. పాటు మీద, నేల గాలి మీద దిగువకు జారిపోవాలి. మధ్యాహ్నం నీరు నిలబడే వేళకు మొగ దగ్గర వలపనో మరో పనో ముగించుకోవాలి. తిరిగి ఎక్కే పోటు మీద, సముద్రపు గాలికి తెరచాప విప్పి ఇంటికి రావాలి. పోనూ రానూ తెడ్డుతో పని పెద్దగా ఉండదు. ఇలాంటి రోజులు పక్షానికి రెండు మూడు వస్తాయి. నదీ, చంద్రుడూ, ఎండా ముగ్గురూ ఒక పడవను మోయడానికి ఒప్పుకున్న రోజులవి.

అయితే ఈ సూత్రాన్ని పట్టుకుని కోరంగి వెళితే దెబ్బ తింటారు. కోరంగి పాయ, గాడేరు గౌతమి నుంచి విడిపోయి ఉత్తరంగా కాకినాడ అఖాతంలోకి పోతాయి. అక్కడ పైరగాలి దిగువకు నెడుతుంది. పోయేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు ఎదురు. పైగా రెండు కొసలా నీటికి తెరుచుకున్న పాయల్లో పోటు రెండు వైపుల నుంచీ ఎక్కి మధ్యలో ఎక్కడో కలుస్తుంది. ఆ కలిసే చోటు దాటాక మీకు తోడొచ్చిన వాలే ఎదురు తిరుగుతుంది. ఏ పాయ లెక్క ఆ పాయదే. పటంలో ఇవేవీ కనిపించవు. ఆ ఊరి పడవవాళ్ళను అడగాలి.

తెరచాప దగ్గరికి వద్దాం. మన తీరపు నావల మీదా తెప్పల మీదా ఎక్కువగా కనిపించేది మూడు మూలల తెరచాప. పొడవాటి వెదురు వాసానికి గుడ్డ కట్టి, ఆ వాసాన్ని పొట్టి కొయ్య మీద ఏటవాలుగా ఎత్తుతారు. ఒకప్పుడు నూలుగుడ్డ, దానికి మడచెట్టు బెరడు కషాయం పట్టించేవారు. ఉప్పునీటికీ ఎండకూ కుళ్ళకుండా ఉండటానికి వలలకు పెట్టే రంగు కూడా అదే. వెనకగాలికి ఈ తెరచాపను పూర్తిగా బయటికి వదిలేస్తారు. పక్కగాలికి మోకు సగం లాగుతారు. గాలి ముందు వైపు నుంచి వస్తుంటే బిగలాగి, గుడ్డ అంచు దడదడ కొట్టుకోవడం ఆగేచోట పట్టి ఉంచుతారు. కొత్తవాళ్ళు చేసే పని మోకును అతిగా బిగించడం. తెరచాప నిండుగా ఉబ్బి కనిపిస్తుంది, పడవ మాత్రం పక్కకు జరుగుతుంది. వదులు చేస్తూ చేస్తూ గుడ్డ అంచు వణకడం మొదలయ్యేదాకా పోయి, అక్కడినుంచి బెత్తెడు లాగాలి. అదే దాని చోటు.

మన నావలకు అడుగు చదును. మేటల మీద, బురద మీద ఆనేందుకు అదే అనువు. అయితే అడుగు చదునుగా ఉన్న పడవ పక్కగాలికి జారిపోతుంది. అందుకే గాలి చాటు వైపున ఒక పలకను నీళ్ళలోకి దించి కడతారు. లోతు తగ్గగానే దాన్ని పైకి లాగేస్తారు. ఎదురుగాలికి అటొకసారి ఇటొకసారి వాలుగా కోసుకుంటూ పోవచ్చు గానీ, మూడు మూలల తెరచాపతో ప్రతి మలుపులోనూ వాసాన్ని కొయ్యకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చాలి. ఇద్దరు మనుషుల పని అది, ఊగే పడవ మీద. ఇందుకే మనవాళ్ళు ఎదురుగాలితో పెనుగులాడటం కన్నా పోటు కోసం కూర్చోవడం మేలనుకున్నారు. కింద నీరు పైకి ఎక్కుతుంటే, ఎదురుగాలి ఉన్నా పడవ ముందుకే పోతుంది. తెరచాప నిలబెట్టుకోవడమొక్కటే మనిషి పని.

ఒక్కచోట మాత్రం నీరూ గాలీ ఎదురెదురు పడటం ప్రమాదం. పాటు నీరు మొగ నుంచి బయటికి దూకుతూ ఉండగా సముద్రపు గాలి ఎదురుగా బలంగా వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. అంతకు ఫర్లాంగు లోపల నీరు ప్రశాంతంగానే ఉంటుంది. బయటి నుంచి చూసేవాడికి తేడా కనిపించదు. మధ్యాహ్నం పాటు ఉన్న రోజున మొగ వైపు వెళ్ళకూడదన్నది ఇక్కడి పడవవాళ్ళు పిల్లలకు మొదట నేర్పే సంగతుల్లో ఒకటి. కయాక్ తీసుకుని బయలుదేరే ప్రతివాళ్ళకూ ఇది తెలిసి తీరాలి.

వెడల్పు పాయ తెరచాపది. మడ అడవిలోని సన్న పాయ తెడ్డుది. చెట్లు రెండు వైపులా గాలిని ఆపేస్తాయి, పైన కొమ్మలు కొయ్యకు తగులుతాయి. అక్కడ తెరచాప చుట్టేసి గెడ వేస్తారు, లేదా కూర్చుని తెడ్డు వేస్తారు. గెడ వేయడం చూడటానికి తేలిక, చేయడానికి కాదు. వెదురు గెడను పడవ పక్కనే నిటారుగా నీళ్ళలోకి వదలాలి, దానంతటది నేలను తాకాలి. అప్పుడు చేతిమీద చెయ్యి వేసుకుంటూ పైకి ఎగబాకినట్టు నెట్టాలి. పడవ ముందుకు జారిపోయాక ఒక్క చిన్న మెలి తిప్పి గెడను ఒండ్రులోంచి ఊడదీయాలి. ఆ మెలి మరిచిపోతే గెడ బురదలో ఉండిపోతుంది, మనిషి దాన్ని పట్టుకుని వేలాడతాడు. కొల్లేట్లో తాటిమానును చీల్చి తొలిచిన దోనెల మీద ఆడామగా ఇదే పని నిలబడి చేస్తారు. జానెడు అటూ ఇటూ ఒరిగితే తిరగబడే దోనె అది. వాళ్ళ నిలకడ చేతుల్లో లేదు. మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుమును నీళ్ళతోపాటు ఊగనివ్వడంలో ఉంది.

కయాక్ మీద కూర్చునేవాళ్ళకు కావలసిందీ సరిగ్గా ఆ నడుమే. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం సీల్ చర్మాలతో కట్టుకుని వేటకు వాడిన పడవ అది. ఇవాళ ప్లాస్టిక్‌తోనో ఫైబర్‌తోనో చేసి లోకమంతా తిప్పుతున్నారు. రుషికొండ లాంటి తీరాల్లో మనవాళ్ళకూ అలవాటవుతోంది. కోరంగి మడపాయలకు, కోనసీమ కాలువలకు ఇంత సరిపోయే పరాయి పడవ మరొకటి లేదని నా నమ్మకం. జానెడు నీళ్ళుంటే తేలుతుంది, చప్పుడు చేయదు, ఒక్క మనిషి ఒడ్డుకు మోసుకుపోవచ్చు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డును మొదటిసారి పట్టినవాళ్ళు చేతులతో నీళ్ళు లాగుతారు, అరగంటకు భుజాలు పడిపోతాయి. తెడ్డు రెక్కను కాలి బొటనవేలి దగ్గర నీళ్ళలో ముంచి, నడుమును ఆ పక్క నుంచి వెనక్కి తిప్పాలి. తుంటి దగ్గరకు రాగానే తెడ్డు బయటికి తీసేయాలి. అంతకన్నా వెనక్కి లాగితే పడవ తిరుగుతుందే తప్ప ముందుకు పోదు. ఏ పక్క తెడ్డు వేస్తే ఆ పక్క కాలితో పడవను అదమాలి. బలం పాదం నుంచి నడుముకు, నడుము నుంచి తెడ్డుకు పోవాలి. చేతులు ఉత్త దారి మాత్రమే.

పక్కగాలికి కయాక్ తనంతట తాను గాలివైపు ముక్కు తిప్పుతుంది. దాంతో పోట్లాడుతూ ఒకే పక్క తెడ్డు వేసుకుంటూ పోయేవాళ్ళు తొందరగా అలిసిపోతారు. గాలివైపు తుంటిని కాస్త బరువుగా ఆనించి కూర్చుంటే చాలావరకు సర్దుకుంటుంది. వడి ఉన్న పాయను అడ్డంగా దాటాలంటే రేవుల్లో పడవ దాటించే తీరే ఇక్కడా పనికొస్తుంది. ఎదుటి గట్టుకేసి చూడకుండా, ముక్కును ఎగువకు ఏటవాలుగా పెట్టి తెడ్డు వేయాలి. పడవ ఎదురు పోతున్నట్టే కనిపిస్తుంది గాని, నీరు దాన్ని అడ్డంగా తోసుకుపోయి నేరుగా అవతలి రేవులో దింపుతుంది. యానాం, ఎదుర్లంక మధ్య వారధి లేని రోజుల్లో గౌతమిని దాటించిన పడవలూ, నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద తిరిగిన పంట్లూ నమ్ముకున్నది ఈ కోణాన్నే.

మార్చిలో మడ అడవి లోపలికి తెడ్డు వేసుకుంటూ పోతే ఏమేం కనిపిస్తాయో రాయడం మొదలుపెడితే వ్యాసం దారి తప్పుతుంది. కానీ కొన్నిటిని చెప్పకుండా ఉండలేను. తిల్ల చెట్ల ఆకులు రాలేముందు ఎర్రబడి పాయ అంచున మంట పెట్టినట్టు నిలబడతాయి. ఆ చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కొమ్మ విరవకండి. పాటు వేళ బురదగట్టు బయటపడగానే నీటికుక్కలు గుంపుగా దిగి దొర్లుతాయి. బావురుపిల్లి అడుగులు కనిపిస్తాయి గాని పగటిపూట అది కనిపించడం అరుదు. చలికాలం గడపడానికి వచ్చిన దూరదేశపు పక్షులు తిరుగు ప్రయాణానికి ఒడ్డున మేత మేస్తుంటాయి. హోప్ ఐలాండ్ ఇసుక మీద జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇంజను పడవలో పోతే వీటిలో సగం చప్పుడుకే మాయమైపోతాయి. కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా పడవ దించకూడదు, ఆ నియమం న్యాయమైనదే. ప్రాణరక్షణ జాకెట్ వేసుకోకుండా పడవ ఎక్కకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి, ఈత వచ్చినవాళ్ళకు మరీ చెప్పాలి.

కాలువల మీద కథ వేరు. డెల్టా కాలువల్లో పోటు లేదు, వాలూ గాలీ మాత్రమే. కాకినాడ నుంచి ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాటి దక్షిణం దాకా సరుకు పడవలు పోయిన నీటిబాట అది. గాలి దొరికితే తెరచాప, దొరక్కపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు లాగుతూ నడిచేవారు. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు గాని, చాలాచోట్ల ఈనాడు ఆ నీటిని ఏలుతున్నది గుర్రపుడెక్క. దాళ్వా నీరు అయిపోయాక ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. ఒకప్పుడు ఆ కట్టేసిన రోజులే పడవలకు మరమ్మతు రోజులు. గట్టుకు ఎక్కించి, పలకల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం నూనెతో కాచి పూసి, జూన్‌లో నీరు వదిలేసరికి సిద్ధం చేసేవారు.

చెక్క పడవలు కట్టేవాళ్ళు తాళ్ళరేవు, కోరంగి ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపాన్లు రెండుసార్లు తుడిచిపెట్టిన రేవు కోరంగి. బర్మా వలస వెళ్ళిన తెలుగువాళ్ళకు కోరంగివాళ్ళనే పేరు తెచ్చిన రేవు. అంతకు ఎంతో ముందు, యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద రెండు కొయ్యల ఓడను అచ్చు వేయించాడు. రాజు నాణెం మీద ఓడ ఉన్న జాతికి తెరచాప కట్టడం కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. కాని మనకు తెలిసినది మనమే పోగొట్టుకుంటున్నాం. ఓడను మ్యూజియంలో పెట్టొచ్చు. పోటు లెక్కను, గాలి తిరిగే వేళను, మేట మీద నీటి గరుకును పెట్టడానికి మ్యూజియంలో చోటు లేదు. అవి నీళ్ళమీద ఒక మనిషి పక్కన మరో మనిషి కూర్చుంటేనే దక్కుతాయి.

ఈ విద్య విలువ ఎంత అని అడిగేవాళ్ళు ఒక్క వరద ఏడాది లంకల్లో ఉండి చూడాలి. 1986 ఆగస్టు వరదలో గానీ, ఆ తరువాత గోదావరి పొంగిన ప్రతిసారీ గానీ, రోడ్లు మునిగాక లంకల మనుషులనూ పశువులనూ గట్టుకు చేర్చడంలో ఊళ్ళలోని నాటుపడవలది పెద్ద చెయ్యి. ఇంజను ఫ్యానుకు గడ్డి చుట్టుకున్నచోట గెడ పనిచేస్తుంది. ఏ గట్టు వెనక సుడి ఉంటుందో, ఏ మేట మీద కాలు ఆనుతుందో చలికాలమూ వసంతమూ ఆ నీళ్ళమీద తిరిగినవాడికే తెలుస్తుంది. వరదలో ఎవరూ కొత్తగా నేర్చుకోలేరు.

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద ఏటా సెయిలింగ్ పోటీలు జరుగుతాయి, జూలైలో, నైరుతి గాలులు వీచేటప్పుడు. అక్కడి యాట్ క్లబ్ ప్రభుత్వ బడుల పిల్లలను తీసుకొచ్చి తెరచాప నేర్పుతోంది, వాళ్ళలో జాతీయస్థాయి పోటీలకు వెళ్ళినవాళ్ళున్నారు. సముద్రం లేని ఊళ్ళో, ఒక చెరువు మీద ఇంత జరుగుతుంటే, ఏడు పాయల గోదావరి మీద ఇంకెంత జరగాలి! కాకినాడలోనో యానాంలోనో అమలాపురంలోనో అలాంటి బడి ఒకటి పెడితే దానికి సీజన్ జూలై కాదు, ఫాల్గుణ చైత్రాలు. పరీక్షలు అవగానే పిల్లలు ఖాళీ. పడవలు తాళ్ళరేవులో కట్టించొచ్చు. కయాక్‌లు నాలుగు కొనుక్కోవచ్చు. గురువులు మాత్రం బయటినుంచి రానక్కర్లేదు. భైరవపాలెంలో, అంతర్వేదిలో, ఓడలరేవులో తెరచాపతో మొగ దాటిన మనుషులు ఇంకా ఉన్నారు, వయసు మీద పడింది, చాలామంది వల బాగుచేసుకుంటూ గట్టు మీదే కూర్చుంటున్నారు. జీతమిచ్చి వాళ్ళను పిలవాలి, గౌరవంగా. పిల్లల్ని వాళ్ళ పక్కన పడవలో కూర్చోబెట్టాలి. మొదటి వారమంతా తెడ్డు చేతికివ్వకుండా, నీరు ఎప్పుడు నిలబడుతుందో, ఎప్పుడు తిరుగుతుందో చూసి చెప్పమనాలి.